ఖాతా పుస్తకం – 6: రొట్టె మీద పన్ను, గుడిసె మీద పన్ను



పోయిన భాగం చదివి ఒక సీనియర్ అన్న ఫోన్ చేశారు. నాకంటే ఇరవై ఏళ్లు ముందే ఉద్యమంలోకి వచ్చిన మనిషి. లాఠీ దెబ్బలు తిన్న మనిషి. ఆయన మాట నాకెప్పుడూ బరువే.

"సంస్కర్తలందర్నీ ఒకే గాటన కట్టేస్తున్నావమ్మా. జోసెఫ్ చాంబర్లిన్ లాంటివాళ్లు కూడా ఉన్నారు కదా. నీళ్లూ గ్యాసూ ప్రైవేటు కంపెనీల చేతుల్లోంచి తీసి ఊరి సొత్తు చేశాడు. పేద పిల్లలకి ఉచితంగా చదువు చెప్పాలన్నాడు. చివరి రోజుల్లో సామ్రాజ్యం, టారిఫ్‌లు అంటూ అటు తిరిగాడనుకో. అది వేరే విషయం" అన్నారు.

అన్నా, ఫోన్లో నేనేమీ అనలేదు. పెద్దవారు కదా అని ఊరుకున్నా. ఇక్కడ అంటున్నా. అది వేరే విషయం కాదు. అసలు విషయమే అది.

చాంబర్లిన్ అనగానే మా విద్యార్థులకి 1938లో మ్యూనిక్ వెళ్లి హిట్లర్‌తో ఒప్పందం చేసుకొచ్చిన నెవిల్ గుర్తొస్తాడు. నేను మాట్లాడేది నెవిల్ వాళ్ల నాన్న గురించి. 1836లో పుట్టి 1914లో పోయిన జోసెఫ్ చాంబర్లిన్. ప్రధాని కాలేదు. కానీ రెండు పెద్ద పార్టీలను రెండుసార్లు చీల్చినవాడు. ఒకసారి లిబరల్ పార్టీని, ఇంకోసారి తను వెళ్లి చేరిన కన్జర్వేటివ్ కూటమిని.

ఆయన దగ్గరికి వెళ్లేముందు మా అమ్మ దగ్గరికి ఒకసారి వెళ్లొద్దాం.

నా చిన్నప్పుడు ఒక ఆసామి మా పేటకి వీధి దీపాలు వేయించాడు. అప్పటిదాకా రాత్రయితే మా పేట చీకటే. ఆ రోజు డప్పులు కొట్టారు, ఆసామికి దండ వేశారు, నేను కూడా చప్పట్లు కొట్టాను. అమ్మ మాత్రం రాలేదు. ఆ ఏడాది కోతలకి కూలి పెంచమని అడిగితే అదే ఆసామి, "మీ పేటకి దీపాలు వేయించాను కదే" అన్నాడట. అమ్మకి చదువు రాదు. కానీ కిరాణా కొట్టు ఖాతా పుస్తకం అంటే ఏంటో తెలుసు. "ఇచ్చినోడి పేరు చూడటం కాదు పాపా. ఎవరి పేరున రాశాడో చూడు" అంది.

ఈ సిరీస్‌కి పేరు అక్కడ్నించే వచ్చింది. నా పీహెచ్‌డీ అంతా తెలుగు సాహిత్యంలో సంస్కరణ గురించే. ఐదేళ్లు లైబ్రరీల్లో కూర్చుని ఎన్నో సిద్ధాంతాలు చదివాను. అమ్మ చెప్పిన ఆ మాటంత పదునైన పరికరం నాకు ఎక్కడా దొరకలేదు. చాంబర్లిన్‌ని కూడా దాంతోనే కొలుద్దాం.

1. ముందు జమ రాద్దాం

అన్యాయం చేయకూడదు. ఆయన చేసింది తక్కువేమీ కాదు.

లండన్‌లో పుట్టి, పద్దెనిమిదేళ్ల వయసులో బర్మింగ్‌హామ్ వచ్చి, బంధువుల స్క్రూల ఫ్యాక్టరీలో చేరాడు. ఆ వ్యాపారంలో బాగా సంపాదించాడు. మతంలో యూనిటేరియన్. అంటే రాజ్యానికి చెందిన ఆంగ్లికన్ చర్చికి బయటివాడు. బయట నిలబడటం అంటే ఏంటో కొంత తెలిసినవాడే.

1873 నుంచి 1876 దాకా బర్మింగ్‌హామ్ మేయర్. రెండు గ్యాస్ కంపెనీలను ఊరి తరఫున కొనేశాడు. తర్వాత నీళ్ల కంపెనీని కొన్నాడు. ఇక్కడ ఒక తేడా చూపించాడు. గ్యాస్ మీద లాభం తీసి ఊరి పనులకు పెట్టొచ్చు, నీళ్ల మీద మాత్రం లాభం చూసుకోకూడదు అన్నాడు. నీళ్లు బతుకు కాబట్టి. మన కార్పొరేషన్లలో ఇవాళ ఈ మాట అనగల మేయర్‌ని చూపించండి, నేనే వెళ్లి దండ వేస్తాను.

మురికివాడలు కూల్చి ఊరిని తిరిగి కట్టే పథకం పెట్టాడు. కూల్చిన చోట కార్పొరేషన్ స్ట్రీట్ అనే దుకాణాల వీధి లేచింది. ఇళ్లు పోయిన పేదలకు బదులు ఇళ్లు మాత్రం కార్పొరేషన్ అప్పుడు కట్టివ్వలేదు. ఆ గీత పుస్తకంలో పెన్సిల్‌తో గీసి పెట్టుకోండి. మళ్లీ అవసరం పడుతుంది.

1885 జనవరిలో బర్మింగ్‌హామ్‌లో ఒక ఉపన్యాసం ఇచ్చాడు. ఆస్తిపరులారా, మీ ఆస్తికి ఈ సమాజం రక్షణ ఇస్తోంది, దానికి ప్రతిగా మీరు ఎంత చెల్లిస్తారు అని అడిగాడు. ఆయన వాడిన మాట 'రాన్సమ్'. కిడ్నాప్ చేసినవాళ్లు అడిగే సొమ్ముకి వాడే మాట. ఇంగ్లండ్ జమీందార్లు ఉలిక్కిపడ్డారు. అదే ఏడాది ఎన్నికల్లో ఉచిత ప్రాథమిక విద్య, కూలీలకు సాగు చెక్కలు, డబ్బున్నవాడి మీద హెచ్చు పన్ను అంటూ సొంత కార్యక్రమం పట్టుకుని తిరిగాడు.

1885 నాటి చాంబర్లిన్ ఖాతా పుస్తకం ఇది. ఎవరికి ఇస్తున్నాడు? పేదవాడికి. ఎవరి పేరున రాస్తున్నాడు? ఆస్తిపరుడి పేరున. ఆ రోజు దగ్గర ఆగిపోయి ఉంటే నేనూ అన్న పక్కనే కూర్చునేదాన్ని.

2. బిల్లు చేతులు మారింది

మరుసటి ఏడే, 1886లో, ఐర్లండ్‌కి స్వపరిపాలన ఇద్దామని గ్లాడ్‌స్టన్ బిల్లు తెచ్చాడు. చాంబర్లిన్ ఎదురు తిరిగాడు. పార్టీ చీలింది. బర్మింగ్‌హామ్ కూలీకి మేలు చేయగలిగిన మనిషికి ఐరిష్ రైతు తనను తాను ఏలుకోవడం ఎందుకు మింగుడుపడలేదు? ఎందుకంటే ఆయన లెక్కలో పేదవాడికి మేలు 'చేయాలి'. పేదవాడు అధికారం 'తీసుకోవడం' వేరే. మన ఊళ్లలో దీపాలు వేయించే ఆసామికీ, సర్పంచ్ సీటు రిజర్వ్ అయినప్పుడు మొహం మాడ్చుకునే ఆసామికీ మధ్య తేడా ఏముంది? మనిషి ఒకడే.

1895లో కన్జర్వేటివ్‌ల ప్రభుత్వంలో చేరాడు. ఏ శాఖ కావాలన్నా దక్కేది. కలోనియల్ సెక్రటరీ పదవి కోరుకున్నాడు. వలసలంటే అభివృద్ధి చేయాల్సిన పెద్ద ఎస్టేటు అని ఆయన నమ్మకం. ఎస్టేటు అన్నాక యజమాని ఉంటాడు, కూలీ ఉంటాడు. ఆ కూలీ ఖాతాలో ఏం రాశారో చూద్దాం.

సియెర్రా లియోన్. పశ్చిమ ఆఫ్రికా. 1896లో లోపలి ప్రాంతాలను బ్రిటిష్ రక్షణలోకి తీసుకున్నామన్నారు. రక్షణకి ఖర్చవుతుంది కదా. 1898 నుంచి ఇంటి పన్ను వసూలు మొదలుపెట్టారు. గుడిసెకి ఏడాదికి 5 షిల్లింగులు. తన తాతలు కట్టుకున్న చోట, తన మట్టితో తను కట్టుకున్న గుడిసెలో ఉన్నందుకు పన్ను. జనం తిరగబడ్డారు. ఉత్తరాన బై బురే అనే నాయకుడు నెలల తరబడి బ్రిటిష్ సైన్యాన్ని ముప్పుతిప్పలు పెట్టాడు. చివరికి పట్టుకుని దేశం దాటించారు.

ఈ తిరుగుబాటు ఎందుకొచ్చిందో చూసి రమ్మని చాంబర్లినే సర్ డేవిడ్ చామర్స్ అనే కమిషనర్‌ని పంపాడు. ఆయన వెళ్లి, చూసి, పన్నే కారణం, ఎత్తేయండి అని రాశాడు. తను పంపిన మనిషే ఇచ్చిన నివేదికని చాంబర్లిన్ పక్కన పెట్టాడు. పన్ను వేసిన గవర్నర్ మాటే నిలబెట్టాడు. పన్ను కొనసాగింది.

1885లో రక్షణకి ధర కట్టమని ఆస్తిపరుడిని అడిగాడు. 1898లో గుడిసెవాడిని అడిగాడు. ప్రశ్న ఒకటే. బిల్లు చేతులు మారింది.

ఇంకోటి మనకి దగ్గరి సంగతి. దక్షిణాఫ్రికాలో నటాల్. 1860 నుంచి చెరకు తోటల్లో పనికి మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి వెళ్లిన కూలీల్లో తమిళులతో పాటు మన తెలుగువాళ్లు ఎందరో. వాళ్లలో మాలలు, మాదిగలు ఉన్నారు. కరువుకీ కులానికీ దడిసి ఓడెక్కినవాళ్లు. 1895లో నటాల్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది. ఒప్పందం ముగిసిన కూలీ ఇండియాకి తిరిగి వెళ్లిపోవాలి, లేదా మళ్లీ కూలీగా రాసివ్వాలి, లేదా ఏడాదికి 3 పౌన్లు కట్టాలి. మొదటి ఏడాది కూలీకి నెల జీతం 10 షిల్లింగులు. 3 పౌన్లంటే 60 షిల్లింగులు. ఆరు నెలల జీతం. మనిషి స్వేచ్ఛగా ఉన్నందుకు ఆరు నెలల జీతం! 1903లో ఆ పన్నుని వాళ్ల పిల్లల మీదకి కూడా లాగారు.

ఆ చట్టం వద్దని భారతీయులు చాంబర్లిన్‌కి మహజరు పంపారు. చట్టం ఆగలేదు. 1902 చివర్లో ఆయన డర్బన్ వస్తే గాంధీ ఒక బృందంతో వెళ్లి కలిశాడు. సొంత పాలన ఉన్న వలసల మీద మాకు పెద్ద పట్టు లేదు, తెల్లవాళ్లతో మీరే సర్దుకుపోవాలి అన్న ధోరణిలో మాట్లాడి పంపేశాడు. ఐర్లండ్‌కి సొంత పాలన వద్దన్న మనిషే నటాల్ తెల్లవాళ్ల సొంత పాలనకి అంత మర్యాద ఇచ్చాడు చూడండి.

1897 సంగతి కూడా వినండి, ముఖ్యంగా ఇంటర్వ్యూలకి వెళ్లే పిల్లలు. ఆ ఏడాది వలసల ప్రధానులు లండన్‌లో సమావేశమయ్యారు. ఆస్ట్రేలియావాళ్లు ఆసియావాళ్లని రానివ్వకుండా చట్టాలు చేసుకుంటామన్నారు. చాంబర్లిన్ వద్దనలేదు. జాతి పేరు, రంగు పేరు చట్టంలో ఎత్తకండి, రాణిగారి భారతీయ ప్రజలు నొచ్చుకుంటారు అన్నాడు. నటాల్‌లో చేసినట్టు చేసుకోండి అని దారి చూపించాడు. నటాల్ చట్టంలో జాతి మాటే లేదు. యూరప్ భాష ఒకదానిలో దరఖాస్తు నింపగలగాలి, అంతే. 1901లో ఆస్ట్రేలియా డిక్టేషన్ పరీక్ష పెట్టి ఆ దారినే పోయింది.

పేరు ఎత్తకుండా గెంటేయడం. "తగిన అభ్యర్థులు దొరకలేదు" అని రాసి మన పోస్టులు ఖాళీగా ఉంచినప్పుడల్లా నాకు ఈ 1897 గుర్తొస్తుంది. ఒక ఇంటర్వ్యూలో నన్ను అడిగిన ఆఖరి ప్రశ్న నా ఉచ్చారణ గురించి. తెలుగు పోస్టుకి. తెలుగులో డాక్టరేట్ ఉన్నదానికి. కులం పేరు ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం రాలేదు.

3. రొట్టె

ఇప్పుడు అన్న "చివరి రోజుల్లో" అన్న ఘట్టం.

1846లో ఇంగ్లండ్ ధాన్యం చట్టాలు రద్దు చేసింది. విదేశీ గోధుమల మీద సుంకం పోయి రొట్టె చవకైంది. అరవై ఏళ్లపాటు అక్కడి కార్మికుడికి 'చవక రొట్టె' అంటే మనకి 'రెండు రూపాయల బియ్యం' లాంటి మాట. ముట్టుకుంటే ప్రభుత్వాలు కూలతాయి.

1903 మే 15న బర్మింగ్‌హామ్‌లో చాంబర్లిన్ దాన్ని ముట్టుకున్నాడు. బయటి దేశాల సరుకు మీద సుంకం వేద్దాం, మన వలసల సరుకుని మినహాయిద్దాం లేదా తక్కువ వేద్దాం అన్నాడు. సామ్రాజ్య ప్రాధాన్యం అని దానికి పేరు. కెనడా గోధుమ, ఆస్ట్రేలియా మాంసం ఇంగ్లండ్‌కి వస్తాయి, ఇంగ్లండ్ సరుకు అక్కడికి వెళ్తుంది, సామ్రాజ్యం ఒకే కుటుంబం అవుతుంది. జర్మనీ, అమెరికా ఫ్యాక్టరీల పోటీ అప్పటికే బర్మింగ్‌హామ్‌కి తగులుతోంది. ఆయన చెప్పిన భయంలో నిజం ఉంది. అది ఒప్పుకోవాలి.

సెప్టెంబరులో మంత్రి పదవి వదిలేశాడు. అక్టోబర్ 6న గ్లాస్గోలో లెక్కలు చెప్పాడు. విదేశీ ధాన్యం మీద క్వార్టర్‌కి 2 షిల్లింగులు (క్వార్టర్ గోధుమలంటే సుమారు 218 కిలోలు). విదేశీ మాంసం, పాల సరుకుల మీద 5 శాతం. ఫ్యాక్టరీ సరుకుల మీద సగటున 10 శాతం. మొక్కజొన్నని వదిలేశాడు, బేకన్ని వదిలేశాడు, అవి నిరుపేదలు తినేవని. టీ మీద, పంచదార మీద ఉన్న సుంకం తగ్గిస్తానన్నాడు. రెండు వైపులా కలిపి చూస్తే కార్మికుడి మీద బరువు పెరగదని వాదించాడు. నవంబరులో బర్మింగ్‌హామ్ బింగ్లీ హాల్లో రెండు రొట్టెలు ఎత్తి చూపించాడు. ఒకటి పన్ను లేని రొట్టె, ఒకటి పన్ను వేశాక అంతే డబ్బుకి వచ్చే రొట్టె. తేడా కంటికి కనపడుతోందా అని అడిగాడు.

కనపడకపోవచ్చు. వారానికి నాలుగు రొట్టెలు కొనే ఇంట్లో, శుక్రవారానికల్లా డబ్బా అడుగు కనపడే ఇంట్లో మాత్రం కనపడుతుంది. వేదిక ఎక్కినవాడి కన్ను వేరు, డబ్బా మూత తీసే ఆడమనిషి కన్ను వేరు.

ఇంకో సంగతి. మే నెలలో ఈ సుంకం డబ్బుతో వృద్ధులకు పెన్షన్లు ఇవ్వొచ్చని ఆశ చూపాడు. పెన్షన్ ఆయన ఎన్నో ఏళ్లుగా మాట్లాడుతున్న విషయమే. అంటే, ముసలి కార్మికుడి పెన్షన్ కోసం ఆ ముసలివాడి కూతురు కొనే రొట్టె మీద పన్ను. 1885లో అదే మనిషి ఏమడిగాడో గుర్తుచేసుకోండి. ఆస్తి ఎంత చెల్లిస్తుంది అని కదా? అక్టోబర్ వచ్చేసరికి ఆ పెన్షన్ మాట కూడా పక్కకి పోయింది. పన్ను మాత్రం మిగిలింది.

అన్న దీన్ని "అటు తిరిగాడు" అన్నారు. నేను అడిగేది ఒకటే. 1903లో కొత్తగా ఏం జరిగింది? గుడిసె మీద 5 షిల్లింగులు వేసిన చెయ్యే రొట్టె మీద 2 షిల్లింగులు వేయబోయింది. అప్పటిదాకా సముద్రం అవతల ఉన్న చెయ్యి ఇంటికొచ్చింది. ఇంగ్లిష్ కార్మికుడికి ఆ చెయ్యి 1903లో కనపడింది. సియెర్రా లియోన్‌కి ఐదేళ్ల ముందే కనపడింది. మనమూ ఇంగ్లిష్ కార్మికుడి కిటికీలోంచి చూస్తే "చివరి రోజుల్లో తిరిగాడు" అనే అంటాం.

4. రొట్టె నిలిచింది, గుడిసె పన్నూ నిలిచింది

తర్వాత ఏమైంది? 1906 జనవరి ఎన్నికలు. లిబరల్స్‌కి సుమారు 400 సీట్లు. చాంబర్లిన్ కూటమికి 157. ఒక్క రొట్టె వల్లే అనను. విద్యా చట్టం గొడవ, ట్రాన్స్‌వాల్ గనుల్లో చైనా కూలీల ప్రశ్న కూడా ఉన్నాయి. కానీ ప్రతి గోడ మీదా పెద్ద రొట్టె, చిన్న రొట్టె బొమ్మలే. అదే జులైలో ఆయనకి పక్షవాతం వచ్చింది. రాజకీయ జీవితం ముగిసింది.

1908లో లిబరల్ ప్రభుత్వం పెన్షన్ చట్టం చేసింది. డెబ్బై ఏళ్లు దాటిన పేదలకి వారానికి 5 షిల్లింగుల దాకా. రొట్టె మీద పన్ను లేకుండానే. 1909 బడ్జెట్‌లో లాయిడ్ జార్జ్ పెద్ద ఆదాయాల మీద, భూమి మీద పన్ను వేశాడు. ప్రభువుల సభ అడ్డుపడింది, మరుసటి ఏడాది దిగొచ్చింది. చాంబర్లిన్ 1885లో అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది, ఆయనకి వ్యతిరేకంగా నిలబడినవాళ్ల చేతుల్లో. కాబట్టి "వేరే దారి లేదు, ఎవరో ఒకరు కట్టాలి కదా" అని ఎవరైనా అంటే నమ్మకండి. దారి ఉంది. వాళ్లు వెళ్లదలుచుకోలేదు.

ఇక్కడ ఆగి లిబరల్స్‌కి చప్పట్లు కొట్టేస్తే మళ్లీ అదే తప్పు చేస్తాం. ఆ లిబరల్ ప్రభుత్వం సియెర్రా లియోన్ గుడిసె పన్ను ఎత్తేయలేదు. నటాల్ 3 పౌన్ల పన్ను 1914 దాకా ఉంది. 1913లో వేలమంది కూలీలు సమ్మె చేసి, జైళ్లకి వెళ్లి, తుపాకీ కాల్పుల్లో చచ్చాక గానీ పోలేదు.

"అయితే నువ్వు స్వేచ్ఛా వాణిజ్యం పార్టీనా?" అని అడుగుతారు మా ఎకనామిక్స్ మిత్రులు. కాదు. ఇండియాలో స్వేచ్ఛా వాణిజ్యం ఎలా నడిచిందో చూడండి. 1896లో లాంకషైర్ మిల్లుల ఒత్తిడితో, బయటి నుంచి వచ్చే బట్ట మీద 3.5 శాతం సుంకం పెట్టి, మన దేశపు మిల్లు బట్ట మీద కూడా అంతే 3.5 శాతం ఎక్సైజ్ వేశారు. మన మిల్లులకి ఇసుమంత రక్షణ కూడా దొరక్కూడదని. ఆ ఎక్సైజ్ 1925 దాకా ఉంది. అక్కడ రొట్టెని కాపాడిన 'స్వేచ్ఛ' ఇక్కడ బట్ట మీద పన్ను అయింది.

మరి చాంబర్లిన్ సామ్రాజ్య కుటుంబంలో ఇండియా ఎక్కడ కూర్చుంది? ఆయన కళ్ల ముందున్నది కెనడా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. తెల్లవాళ్ల వలసలు. 1903 అక్టోబర్‌లో కర్జన్ ప్రభుత్వమే లండన్‌కి రాసింది, ఈ పథకంలో ఇండియాకి వచ్చే లాభం తక్కువ, పోయేది ఎక్కువ అని. కర్జన్ మన మిత్రుడేం కాదు. ఆయనకి కూడా కనపడిన సంగతి అది. చివరికి 1932లో జోసెఫ్ కొడుకు నెవిల్ ఆర్థికమంత్రిగా నాన్న కోరిక తీర్చాడు. దిగుమతి సుంకాల చట్టం తెచ్చాడు. అదే ఏడాది ఒట్టావాలో సామ్రాజ్య దేశాల ఒప్పందాలు జరిగాయి. ఇండియాని కూడా అందులో కూర్చోబెట్టారు. ఆ రోజుల్లో మన దేశంలో ఎంతమందికి ఓటుందో మీకు తెలుసు.

రెండు తక్కెడలూ పక్కపక్కన పెట్టండి. రొట్టె పన్ను ఓడిపోయింది. గుడిసె పన్ను గెలిచింది. ఎందుకు? రొట్టె తినేవాడికి ఓటుంది. అందరికీ కాదు. ఆ రొట్టె కొనే ఆడమనిషికి లేదు, చాలామంది మగ కూలీలకీ లేదు. అయినా ప్రభుత్వాన్ని కూల్చడానికి సరిపడినంత ఉంది. గుడిసెలో ఉన్నవాడికి ఏమీ లేదు. ఆయన మీద పన్ను వేసే సభలో ఆయన తరఫున దగ్గేవాడు కూడా లేడు.

5. బాబాసాహెబ్ ఎక్కడ కూర్చుని చదివారు

చాలామందికి తెలియని ఒక ముడి ఇది. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ మొదటి డైరెక్టర్ హ్యూయిన్స్ 1903లో ఆ పదవి వదిలి చాంబర్లిన్ టారిఫ్ ఉద్యమంలోకి వెళ్లిపోయాడు. అదే ఏడాది ఆగస్టులో 14 మంది ఆర్థికవేత్తలు చాంబర్లిన్ పథకాన్ని తప్పుబడుతూ టైమ్స్ పత్రికకి లేఖ రాశారు. సంతకం చేసినవాళ్లలో ఎడ్విన్ కానన్ ఒకరు. తర్వాత అదే కాలేజీలో బాబాసాహెబ్‌కి గురువు ఆయనే. 1923లో వచ్చిన 'ది ప్రాబ్లమ్ ఆఫ్ ది రూపీ' పుస్తకానికి ముందుమాట ఆయనదే. అందులో శిష్యుడితో కొన్ని చోట్ల విభేదించాడు కూడా.

అంటే ఈ తగువు చల్లారని గదుల్లోనే అంబేద్కర్ కూర్చున్నారు. కానీ ఆయన అడిగిన ప్రశ్న ఆ గదులది కాదు. అంతకుముందే 1915లో కొలంబియాలో ఈస్టిండియా కంపెనీ ఆర్థిక వ్యవహారాల మీద రాసిన థీసిస్‌లో, ఇండియా ఇంగ్లండ్‌కి ఎంత ఇచ్చింది, ఇంగ్లండ్ ఇండియాకి ఎంత ఇచ్చింది అని లెక్క తీశారు. అమ్మ చెప్పిన ఖాతా పుస్తకమే అది.

1919లో సౌత్‌బరో కమిటీ ముందుకెళ్లి అంటరానివాళ్లకి ఓటు అర్హత తగ్గించమని అడిగారు. 1928లో సైమన్ కమిషన్ ముందు వయోజనులందరికీ ఓటు అన్నారు. మంచినీళ్ల చెరువు కోసం మహద్‌లో నిలబడిన మనిషి ఓటు కోసం ఎందుకంత పట్టుబట్టారు? చెరువు ఎవరైనా ఇవ్వొచ్చు. దయగల మేయర్ ఇవ్వొచ్చు, ఆసామి ఇవ్వొచ్చు. ఇచ్చినవాడు రేపు దాని బిల్లు మన గుడిసెకి పంపితే, చెయ్యెత్తి వద్దనే హక్కు ఎవరూ ఇవ్వరు. దాన్ని తీసుకోవాలి.

6. మన దగ్గర

అన్నా, ఇంకో చేదు నిజం చెప్పనా. 1906లో దేశమంతా చాంబర్లిన్ కూటమిని ఊడ్చేస్తే ఒక్క ఊరు మాత్రం ఆయన వెనకే నిలబడింది. బర్మింగ్‌హామ్. ఏడు సీట్లకి ఏడూ ఆయన పక్షానికే. నీళ్లిచ్చాడు కదా. ముప్పై ఏళ్ల కిందటి కుళాయి నీళ్లు రొట్టె మీద పన్నుని కూడా మింగించాయి. కృతజ్ఞత ఎంత బలమైనదో, ఎంత ప్రమాదమో అక్కడ చూడాలి.

మనం కూడా అదే మనుషులం. హాస్టల్ ఇచ్చాడు, ఫీజు కట్టాడు, ఇల్లిచ్చాడు అని ఒకసారి మొక్కితే ఆ తర్వాత ఆయన ఎవరి భూమి లాగినా, ఎవరి కూలి నొక్కినా "అది వేరే విషయం" అనేస్తాం. హాస్టల్‌లో చదివే నేనింతదాన్నయ్యాను. ఆ అన్నం ఊరికే రాలేదని, మనవాళ్లు కొట్లాడితే వచ్చిందని నాకు తెలుసు. దానికి ఎవరికో జీవితాంతం రుణపడాలని ఎవరైనా అంటే ఒప్పుకోను.

నిరుడు ఆగస్టులో... కాదు, తేదీతోనే చెబుతా. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచింది. ఆంధ్రా రొయ్యకి అమెరికానే పెద్ద మార్కెట్. మా డిగ్రీ ఫస్టియర్‌లో ఒక అమ్మాయి. వాళ్లమ్మ రొయ్యలు ఒలిచే షెడ్డులో పని చేస్తుంది. షెడ్డులో పని దినాలు తగ్గాయట. "మేడమ్, అమెరికావాళ్లు వాళ్ల దేశంలో వేసుకున్న పన్ను మా అమ్మకెందుకు తగిలింది?" అని అడిగింది.

నేను పాఠం ఆపేసి చాంబర్లిన్ కథ చెప్పాను. ఆ పిల్ల మొత్తం విని, "అంటే మా అమ్మకి అక్కడ ఓటు లేదు కదా మేడమ్" అంది.

నా పీహెచ్‌డీకి గైడ్‌గా ఆ పిల్ల ఉంటే రెండేళ్లలో అయిపోయేది.

కాబట్టి అన్నా, నా మాట ఇది. సంస్కర్త ఏమిచ్చాడో రాసుకుందాం, దాచొద్దు. పక్క పేజీలో ఎవరి పేరున రాశాడో కూడా చూద్దాం. ఆ పేరుగల మనిషిని ఎవరైనా అడిగారా, వద్దనే అధికారం ఆ మనిషికి ఉందా అని చూద్దాం. ఆ మనిషి మన పేటలో లేకపోయినా, మన కులం కాకపోయినా, సముద్రం అవతల గుడిసెలో ఉన్నా సరే. ఆ పేజీ తిప్పకుండా దండ వేస్తే మనమూ బర్మింగ్‌హామ్ ఓటర్లమే.

మా పేటలో ఆ దీపాలు ఇంకా వెలుగుతున్నాయి. వాటి కిందే కూర్చుని చదివాను, కాదనను. ఆ ఏడాది కోతల కూలి ఎంత పెరగాల్సిందో అమ్మకి ఇంకా గుర్తుంది.

వచ్చే భాగంలో మన దగ్గరికే వద్దాం. ఉప్పు మీద పన్ను, దాన్ని ఎవరెవరు ఎందుకు మర్చిపోయారు అన్న లెక్క.

జై భీమ్.